సంకెళ్ళలోని ఖైదీపై ఆత్మరక్షణయా?

2013 ఫిబ్రవరి 21వ తేది సాయంకాలమున దిలుసుఖ్‌నగరమున రెండు బాంబులు ప్రేలి 18 మంది అసువులు బాసిరి. ‘విచారణ యేల? పట్టి కాల్చివేయుడు’ అను కేకలు అట్టి వేళల నెల్లప్పుడును వినబడును. దిలుసుఖ్‌నగరమునందును ఎల్.బి.నగరునందును ఆ మాట నేటికి ననువారు గలరు. కాని ధర్మాసనము తన మార్గమును వీడలేదు. చర్లపల్లి కారాగారముననే విచారణ సాగి 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష విధింపబడెను. 2025 ఏప్రిలు 8న తెలంగాణ హైకోర్టు దానిని స్థిరపరచెను.

ఆ తీర్పునకు సరిగా పదేండ్ల యొక్క దినము ముందు, 2015 ఏప్రిలు 7న, వరంగల్లు కారాగారమునుండి హైదరాబాదు కోర్టునకు గొనిరాబడుచున్న ఐదుగురు విచారణఖైదీలు ఆలేరు సమీపమున కావలి పోలీసుల తుపాకులకు గురియై మడిసిరి. ఆయుధములు లాగుకొనజూచిరి గావున కాల్చితిమని పోలీసుల వాదము. మృతుల చేతుల సంకెళ్ళను ఛాయాచిత్రములలో లోకమెల్ల జూచినది.

పోలీసువానికి ఆత్మరక్షణహక్కు లేదని మే మనజాలము. అంతకు మూడు దినముల ముందే జానకీపురమున సాయుధులతో జరిగిన పోరున పోలీసులు ప్రాణములు గోల్పోయిరి. అచ్చట ఆ హక్కు నిస్సంశయము. అయినను అపాయభీతి యున్నంతవరకే హక్కు. అవసరమునకు మించిన హాని కూడదు. పాత శిక్షాస్మృతి 99, 102 సెక్షన్ల యీ నియమమే నేటి భారతీయ న్యాయసంహిత 37, 40 సెక్షన్లలో నున్నది. మరణశిక్షగాని యావజ్జీవశిక్షగాని పడదగిన నేరము మోపబడనివానిని పట్టుకొనుటకై చంపరాదని వేరొక శాసనము. ఖైదీలపై మోపిన నేరములు ఘోరమైనవి గావున ఆ నిషేధ మిట వర్తింపదని సర్కారు వకీలు వాదింపవచ్చును. వాదించుగాక! అపుడును ‘అవసరము’ నిరూపింపవలసియే యుండును. బేడీలతో వాహనమున గూర్చున్నవారిని అణచుటకు ఐదుగురి ప్రాణములు దీయుట దక్క వేరుపాయము లేకపోయెనా?

ఆత్మరక్షణను చెప్పుకొన్నవాడే దానిని నిరూపింపవలెనని సాక్ష్యశాసనము. ఎన్‌కౌంటరు మరణములలో కేసు నమోదు, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరియని సుప్రీముకోర్టు 2014 సెప్టెంబరులోనే శాసించెను. ఆలేరు ఘటన అటుపిమ్మటిదే. ప్రభుత్వము నియమించిన ప్రత్యేక దర్యాప్తు బృందమునకు నాయకుడును పోలీసు అధికారియే. అది కోర్టునకు బదులు కానేరదు.

పోలీసులను చంపిన నేరము సైతము ఆ ఖైదీలపై నుండెను. చనిపోయిన ఆ పోలీసుల కుటుంబములవారికి, దిలుసుఖ్‌నగరు బాధితులకు దొరకినట్టి తీర్పు ఎన్నటికిని దొరకదు.