గృహిణీ గోష్ఠి: ఆటపెట్టెలో భాషాభేదము



భద్రాచలపు అడవి అంచున సంతకు బోయినవారికి కోయభాష వినబడుట క్రొత్తగాదు. అదియు తెలుగువలె ద్రావిడభాషయే. ఐనను ఖమ్మమున చెప్పుకొను కథ కోయపల్లెలోని బాలునకు తెలియవలెనన్న, రెండు భాషలెఱిగినవారు దానిని మరల చెప్పవలెను.

బిడ్డలాడు వీడియోగేముల సంగతియు నిట్టిదే. ఆటపెట్టెలోని ప్రాసెసరున కొక భాష కలదు. వ్రాసిన ఆట తుదకు ఆ భాషలోనికి దిగవలసినదే. ఒక పెట్టెకు వ్రాసినదానిని వేఱొక పెట్టెకు తగునట్లు మార్చుటను పోర్టింగు అందురు.

భాష కలిసినంతమాత్రమున పని తీరదు. వంటయింటి ఏర్పాటును కలియవలెను. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360, 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3, వీని ప్రాసెసర్లు ఒకే కుటుంబమునకు చెందినవి. మొదటిదానిలో సమానులగు ముగ్గురు వంటవారు ఒకే కొట్టునుండి సరుకు తీసికొందురనుకొనుడు. రెండవదానిలో పెద్దవంటవాడొకడు, ఆటపనికి 6గురు సహాయకులు. ఒక్కొక్క సహాయకునకు 256 కిలోబైట్ల చిన్నగిన్నె మాత్రమే. సరుకును అందులోనికి తెచ్చుకొనియే పనిచేయవలెను. కావున మొదటి యింటికి అమరిన ఆటను రెండవదానికి తెచ్చువారు పనినంతయు ముక్కలుచేసి మరల పంచవలసివచ్చెను.

ఈ చిక్కు మన తెలుగునాటిని గూడ తాకినది. హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్‌వారు తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆట 2009లో ప్లేస్టేషన్ 2 కొఱకు వెలువడెను. రామక్షేత్రపు బిడ్డలకు హనుమంతునికంటె ప్రియుడెవడు? కాని అప్పటికే వేఱు ప్రాసెసరుగల ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేండ్లకు పైగా గడచెను. తొలినాటి ప్లేస్టేషన్ 3లందు పాత ప్రాసెసరును గూడ అమర్చిరి గాని, ఖర్చు తగ్గించుటకై పిదప తీసివేసిరి. 2013లోని ప్లేస్టేషన్ 4 భాష మరియొకటి. పాత డిస్కు దానియందు సాగదు. ఎమ్యులేటరను దుబాసి నుంచుకొని పాత ఆటను క్రొత్త యంత్రమున నడపవచ్చును గాని, ప్రతిమాటను మార్చి చెప్పువాని కెక్కువ శక్తి కావలెను గదా! అట్టి ప్రయత్నము లేనిచో, పాతపెట్టెలు చెడినకొలదియు మనవారి శ్రమ మూగవోవును.

2020లోని ప్లేస్టేషన్ 5 ప్రాసెసరు, ప్లేస్టేషన్ 4 దాని కుటుంబమునకు చెందినదే. అందుచేతనే ఆ ఆటలలో దాదాపన్నియు దీనిలో నడచుచున్నవి.

కావున సోదరీమణులు క్రొత్తపెట్టె కొనుటకు ముందు, ఇంటనున్న డిస్కులు దానిలో ఆడునా యని యడుగుట మేలు. ఆడనిచో పాతపెట్టెను పాతసామానులవానికి వేయకుడు. ఆటలు తయారుచేయు విద్య నేర్వగోరు బాలికలున్నచో, బొమ్మలు గీయుటతోపాటు యంత్రపు లోపలి యేర్పాటును గూడ నేర్చుకొనుమని ప్రోత్సహింపుడు. కథను ఒక పెట్టెనుండి వేఱొక పెట్టెకు దాటింపగలవారు అట్టివారే.