కేస్ షీటు రోగి చేతికి రావాలి

1990లో బయాప్సీ కోసం హైదరాబాద్ నిమ్స్‌లో చేరిన ఇంజనీరింగ్ విద్యార్థికి ఆపరేషన్ తర్వాత నడుము నుంచి కిందిభాగం చచ్చుబడిపోయింది. అనుమతి తీసుకున్నది బయాప్సీకి, తొలగించింది కణితి మొత్తాన్ని. వెన్నుపాముకు ముప్పున్న ఆ శస్త్రచికిత్సలో న్యూరోసర్జన్‌ను భాగం చేయలేదు. సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ప్రకటించేసరికి 2009 వచ్చింది. 2002లో అదే నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి చలిజ్వరంతో వచ్చిన మహిళకు మలేరియా ఉండగా టైఫాయిడ్ మందులు వాడింది. ఆమె ప్రాణాలు దక్కలేదు. భర్తకు 2 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు ఖరారు చేసింది 2010లో.

రోగ నిర్ధారణలో పొరపాటు, వివరించకుండానే తీసుకునే సంతకం, అవసరమైన నిపుణుడిని పిలవకపోవడం, ఆపరేషన్ తర్వాత కొరవడే పర్యవేక్షణ, మందుల తారుమారు: కోర్టుకెక్కే ఫిర్యాదుల్లో తరచూ కనిపించేవి ఇవే. వీటిలో ఏది జరిగిందో తేల్చేది కేస్ షీటే. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. అయినా కాగితాల కోసం కాళ్లరిగేలా తిరిగే కుటుంబాలెన్నో. అడిగితేనే ఇచ్చే పద్ధతి పోవాలి. డిశ్చార్జి సమ్మరీతో పాటే పూర్తి కేస్ షీటు నకలు ఇవ్వడాన్ని ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు షరతుగా రెండు తెలుగు రాష్ట్రాలూ విధించాలి.

ప్రతి మరణమూ నిర్లక్ష్యం కాదు. డాక్టర్‌పై క్రిమినల్ కేసు నిలవాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని సుప్రీంకోర్టు 2005లోనే స్పష్టం చేసింది. వైద్యులపై దాడులు నేరం, వాటిని ఏ దుఃఖమూ సమర్థించదు. నిజాయతీగా వైద్యం చేసిన డాక్టర్‌ను కాపాడేదీ ఆ కేస్ షీటే.

మరో అన్యాయం పేదలకు జరుగుతోంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 1995 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అక్కడ నష్టపోయినవారికి మిగిలేది ప్రధానంగా సివిల్ కోర్టు మెట్లే. వారికోసం ప్రభుత్వాలు స్వతంత్ర పరిహార మండలిని ఏర్పాటు చేయాలి.

అంతవరకూ బాధిత కుటుంబాలు రికార్డులను రాతపూర్వకంగా అడగాలి, అందినట్టు రసీదు తీసుకోవాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లే.