ఆకాశము జవానునకు అందరానిదా?

మన పల్లెలనుండి సైన్యమునకు పోయిన యువకుడు సెలవుమీద ఇంటికి వచ్చినపుడు తండ్రితో చెప్పుకొను కోరికలు మనకు తెలిసినవే. ఇల్లు కట్టవలెను, చెల్లెలి పెండ్లి చేయవలెను, కాలువ క్రింద రెండెకరముల మాగాణి కొనవలెను. ఈ కాలమున వీనికి మఱియొకటి చేరినది. పదిమూడువేల అడుగుల యెత్తున విమానమునుండి దుమికి, నిమిషముపాటు గాలిలో తేలి, పిమ్మట పారాచూటు విప్పుకొని నేలకు దిగవలెనని వాడు కోరుచున్నాడు. దీనినే స్కైడైవింగు అందురు. తండ్రికిది వెఱ్ఱిగా తోచును. ప్రాణముమీదికి తెచ్చుకొను ఆటకు సొమ్ముకూడ చెల్లింపవలెనా యని అడుగును. ప్రాణమును గూర్చిన మాటకు ఆ యువకుడు ఎన్నుకొన్న వృత్తియే సమాధానము చెప్పుచున్నది. సొమ్మును గూర్చిన మాటయే మేము నేడు విచారింపదలచినది.

సైన్యమున నున్నవానికి దుముకుట సర్కారే నేర్పునుగదా, వేఱుగ ఖర్చు దేనికని పాఠకులు అడుగవచ్చును. రెండు దుముకులకును చాల భేదము కలదు. పారాచూటు దళమున చేరినవాడు ఆగ్రాలోని శిక్షణాలయమున మొదట నేర్చునది వేఱు విద్య. అందు విమానమునకు కట్టిన త్రాడే వాని పారాచూటును లాగి విప్పును. సుమారు 1,250 అడుగుల యెత్తునుండి దుమికి ఇంచుమించు ఒక నిమిషములో నేల చేరును. అట్టి దుముకులు అయిదు పూర్తిచేసినవానికి రెక్కల చిహ్నము లభించును. స్కైడైవింగున ఆ త్రాడు లేదు. గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగమున పడుచు, దేహమును నిలుకడగ నుంచుకొని, మణికట్టునందలి ముల్లు చూపు ఎత్తును గమనించుచు, తగిన చోట తన చేతితోనే పారాచూటును విప్పవలెను. అమెరికా పారాచూటు సంఘమువారి మొదటి లైసెన్సునకు 25 దుముకులు కావలెను. రెక్కలు ధరించిన జవాను సైతము ఈ బడిలో అక్షరాభ్యాసము చేయవలసినవాడే. ఇక పదాతి దళమునను, ఫిరంగి దళమునను, సరఫరా దళమునను ఉన్న లక్షలాది జవానుల మాట చెప్పనేల!

ఈ ఆటకు ఖర్చు ముఖ్యముగ విమానమువలన కలుగుచున్నది. ఒక్కని పైకి తీసికొనిపోయినను, పదిమందిని తీసికొనిపోయినను చమురు మండక తప్పదు. పదిమంది కూడిన తలకు కొంచెము, ఒంటరిగ పోయిన మోయలేని భారము. పిమ్మట శిక్షకుని రుసుము, సామగ్రి అద్దె, పారాచూటు మడతపెట్టు కూలి చేరును. మనదేశమున డబ్బిచ్చి దుముకగోరు సామాన్యునికి నేడు ప్రధానముగ దొరకునది శిక్షకుని ఱొమ్మునకు కట్టబడి జంటగా దుముకు పద్ధతి. హర్యానాలోని నార్నౌల్‌వంటి చోట్ల ఇది జరుగుచున్నది. అట్టి యొక్క దుముకునకు అగు ఖర్చు ఇంచుమించు సిపాయి నెల మూలవేతనమంత. 2016 నాటి వేతన సవరణలో ఆ మూలవేతనము 21,700 రూపాయలుగ నిర్ణయింపబడినది. ఇంత యిచ్చి వాడు పొందునది అనుభవమే కాని విద్య కాదు. మరునాడు మరల దుముకవలెనన్న మరల అంత సొమ్మును చెల్లింపవలసినదే. కోరిక గలవాడు జంట దుముకులకు తగులబెట్టు సొమ్మును క్రమశిక్షణకే వినియోగించుట మేలు. లైసెన్సు చేతికి వచ్చినపిమ్మట విమానమున తన చోటికి తగిన వంతు చెల్లించిన చాలును. మడత తానే పెట్టుకొనును. సామగ్రి మొదట అద్దెకును, పిమ్మట ఒకరు వాడి విడిచినది చూచి కొనుటకును వీలుండును.

గుంపుగ కూడిన ఖరీదైన ఆట చౌక యగుననుటకు చరిత్రనుండి యొక యుదాహరణము చూపుదుము. మన స్వాతంత్ర్యమునకు బద్ధవిరోధియైన విన్‌స్టన్ చర్చిలు 1896లో నాలుగవ హుస్సారుల దళమున చిన్న అధికారిగ బెంగుళూరునకు వచ్చెను. పోలో రాజుల ఆట. మంచి గుఱ్ఱములు కొనుటకు చిన్న అధికారి జీతము ఏ మూలకును చాలదు. ఆ దళమువారు తమ పోలో సంఘముపేర పూనా అశ్వదళమువారి పోలో గుఱ్ఱములను మొత్తముగ కొనిరి. హిందూదేశమున కాలుపెట్టిన రెండు మాసములలోపల హైదరాబాదునకు వచ్చి గోల్కొండ కప్పును గెలిచిరి. 1899లో మీరట్టున రెజిమెంటుల పోటీలో అగ్రస్థానము పొందిరి. ఆ చిన్న అధికారులు ఇంకను చాలని సొమ్మునకు మన సాహుకార్ల యొద్ద వడ్డీలకు అప్పులు చేసిరని చర్చిలు తానే వ్రాసికొన్నాడు. ఆ దళము జీతభత్యములు మన రైతు చెల్లించిన పన్నులనుండి వచ్చినవి. ఆ గుఱ్ఱముల కళ్ళెము పట్టినవాడు మనవాడు, ఎక్కినవాడు మాత్రము మనవాడు కాడు. ఈ భాగమును ప్రక్కకు పెట్టి మొదటి భాగమును మనము గ్రహింపవచ్చును. ఒక్కొక్కరికి శక్యము కాని సాధనమును సంఘము కొనెను, అల్పధనుడు ఆడగలిగెను.

స్కైడైవింగు క్రీడ పాశ్చాత్యదేశములలో వ్యాపించిన తీరుకూడ ఇట్టిదే. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగిలిపోయిన సైనిక పారాచూటులే తొలినాటి క్రీడాకారుల సామగ్రి. అమెరికా సైనిక స్థావరములలో సిపాయిలు సంఘములుగ నేర్పడి సెలవు దినములలో దుముకసాగిరి. 1959లో ఆ సైన్యమే ఒక క్రీడాజట్టును స్థాపించినది. తరువాత దానికే స్వర్ణవీరులను అర్థమిచ్చు గోల్డెన్ నైట్స్ అను పేరు ప్రసిద్ధమైనది. ఇంగ్లండున నెదరావన్ విమానక్షేత్రమునందు సైన్యపు పారాచూటు సంఘము దశాబ్దములపాటు సైనికులకును, పౌరులకును నేర్పినది. ఆ దేశములలో నెవడును సిపాయిని నీ ఆస్తి యెంత యని అడిగి విమానమెక్కింపలేదు.

మనకు సాధనములు లేవా? కావలసినవన్నియు కలవు. 1941 అక్టోబరులో ఢిల్లీలో 50వ పారాచూటు బ్రిగేడు ఏర్పడినది. భారతీయులలో తొలుత దుమికిన యిద్దరిలో ఒకరు వైద్యాధికారి యైన రంగరాజ్, రెండవవారు హవల్దారు మేజరు మథురా సింగ్. అధికారియు, అధికారి కానివాడును కలసి ఆరంభించిన విద్య యిది. అదే 1941లో కాన్పూరున పారాచూటుల కర్మాగారము వెలసినది. నేటికిని అచట సైన్యమునకు పారాచూటులు తయారగుచున్నవి. వాయుసేనకు 1987లో ఆకాశగంగ యను దుముకు జట్టు ఏర్పడినది. సైన్యమున సాహసక్రీడలకు ప్రత్యేక విభాగము కలదు. హిమాచలములోని బక్లోహ్ శిక్షణాలయమున 2024లో నిలువు గాలి సొరంగము ప్రారంభమైనది. అందు క్రిందినుండి పైకి వీచు గాలిపై దేహమును తేల్చి, విమానము లేకయే పతనవిద్య నేర్వవచ్చును. 2022లో హైదరాబాదు శివార్లలో అట్టిదే పౌరులకొఱకు తెరువబడినది. ఇన్ని యుండియు జట్టులకు ఎంపికైన కొలదిమంది తప్ప తక్కిన జవానులు ఉత్సవదినములలో తలయెత్తి చూచి చప్పట్లు కొట్టువారుగనే మిగులుచున్నారు.

అట్టివాడు ఏమి చేయుచున్నాడు? అప్పు చేసియో, దాచుకొన్నది తీసియో, సెలవులో ఎవరికిని చెప్పక పోయి దుముకుచున్నాడు. ఇచట మిగుల గట్టి చిక్కు కలదు. దీనిని జవానులును, వారిని కన్నవారును తెలిసికొనవలెను. గాయపడిన సైనికునికి అంగవైకల్యపు పింఛను దక్కవలెనన్న ఆ గాయమునకు కొలువుతో సంబంధముండవలెను. 1982 నాటి నిబంధనలలో సైన్యాధికారులు ప్రధాన కార్యాలయపు అనుమతితో నడపు పర్వతారోహణమును, గ్లైడింగును కొలువుగ నెంచుదురని స్పష్టముగ నున్నది. అవే పనులు స్వంతముగ, సరదాకొఱకు చేసిన, ముందుగ అనుమతి పొందినను అవి కొలువు కాజాలవని దాని ప్రక్కనే వ్రాసియున్నది. సెలవులో ఇంటియొద్దనున్న జవానొకని కంటికి బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ తగిలినది. అట్టి గాయమునకు కొలువుతో సంబంధము లేదని 2012లో సుప్రీముకోర్టు వైకల్యపు పింఛను నిరాకరించినది. బిళ్ళంగోడు గతియే అట్లున్నపుడు పదిమూడువేల అడుగుల మాట చెప్పవలయునా? 2023లో సవరించిన నిబంధనావళి వెలువడినది. దుముకగోరు ప్రతి జవానును తన విషయమున ఏ నియమము వర్తించునో తన యూనిటునుండి వ్రాతపూర్వకముగ తెలిసికొనవలెను. బీమా పత్రమునందును ఇట్టి క్రీడకు మినహాయింపు కలదో లేదో సంతకమునకు ముందే చదువుకొనవలెను.

చౌకదనమును గూర్చి చెప్పుచు, ఎచట చౌక కూడదో చెప్పకున్న మేము దోషులమగుదుము. ప్రయాణమున పొదుపు చేయవచ్చును, బసలో చేయవచ్చును, దుస్తులలో చేయవచ్చును. శిక్షకునిలో చేయరాదు. మొదటిది విప్పుకొననపుడు ప్రాణము నిలుపు రెండవ పారాచూటులో చేయరాదు. అమెరికాలో దానిని 180 దినములకొకమారు అర్హతాపత్రము గలవాడే విప్పి మరల మడువవలెనని శాసనము. దుమికినవాడు స్పృహ తప్పినను తగిన యెత్తున తానై పారాచూటును విప్పు యంత్రము 1991నుండి ప్రచారమునకు వచ్చినది. దాని వెలకు వెఱచి మానుకొనువాడు ఈ ఆటనే మానుకొనుట మేలు. పాతసామగ్రి కొనునపుడు ఎఱిగినవానిచే పరీక్ష చేయింపక సొమ్మీయరాదు. 2025 ఏప్రిలులో ఆగ్రాలో ఆకాశగంగ శిక్షకులొకరు దుముకులో మరణించిరి. ఏండ్లతరబడి నేర్పినవారికే అట్టి యపాయము కలిగినపుడు, నాలుగు దుముకులు చేసి తొందరపడువాని మాట మఱియు చెప్పనేల!

ఆటలకు ప్రజాధనము వ్యయపఱుపనేల యని పొదుపరులు ఆక్షేపింతురు. ఆక్షేపణ తీసివేయదగినది కాదు. పేదదేశమున ప్రతి రూపాయికి లెక్క చెప్పవలసినదే. కాని 1971 డిసెంబరు 11న టాంగాయిల్ చెంత మన రెండవ పారాచూటు పటాలము దిగి పూంగ్లీ వంతెనను పట్టుకొన్నపుడు, అయిదు దినములు తిరుగకమునుపే ఢాకా స్వాధీనమైనపుడు, ఆ విద్యపై వెచ్చించిన సొమ్మును వృథా యన్నవారు లేరు. నాటి దుముకు త్రాడు దుముకే, నిజము. నేటి ప్రత్యేక దళములకు కావలసినది త్రాడులేని దుముకు. దానికి తగిన మెఱికలను ఏరుటకు, సరదాగ ఆ విద్య మరిగిన వేయిమంది జవానులకంటె మంచి రాశి యెచట దొరకును? పైగా మేము అడుగునది క్రొత్త విమానములు కాదు.

శిక్షణకొఱకు ఎట్లును ఎగురు విమానములలో ఖాళీ చోటులున్నపుడు, అర్హులైన జవానులకు దళభేదము లేక వంతులవారీగ వానిని ఇచ్చుట మొదటి పని. కమాండుకొకటి చొప్పున సైనికుల పారాచూటు సంఘములు ఏర్పడి, నెలకు స్వల్పచందా తీసికొని, సంఘముపేర సామగ్రి నుంచవలెను. కాన్పూరు కర్మాగారము 2021నుండి ప్రభుత్వ కంపెనీ క్రింద నడచుచున్నది గనుక క్రీడకు తగిన పారాచూటును తగిన వెలకు అదియే చేసియిచ్చుట కష్టము కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది, అట్టి సంఘమున అనుమతితో చేసిన ప్రతి దుముకును కొలువుగ నెంచవలెను. ఈ చివరిదానికి బొక్కసమునుండి పెద్ద మొత్తము అక్కఱలేదు. నిబంధనలో నొక పంక్తి చాలును. గ్లైడింగునకు ఆ పంక్తి 1982లోనే దొరకినది.

తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమునకు మిలిటరీ మాధవరమని పేరు. తరతరములుగ కుఱ్ఱవాండ్రను సైన్యమునకు పంపిన అట్టి గ్రామములు మన తెలుగుదేశమున నున్నవి. ఆ గ్రామముల పెద్దలు తమ పార్లమెంటు సభ్యునికి వ్రాయవలెను. రక్షణశాఖపై ప్రశ్నలడుగు అవకాశము వచ్చినపుడు, గత అయిదేండ్లలో ఎంతమంది సిపాయిలకు, ఎంతమంది అధికారులకు సైన్యము ఖర్చుమీద స్కైడైవింగు నేర్పిరో వేఱువేఱుగ సంఖ్యలు చెప్పుమని ఆయన అడుగవలెను.