గుంత తవ్వితే ఎర్తింగ్ అయిపోదు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో కరెంటు పని చేసేవాళ్లను ఎర్తింగ్ గురించి అడిగితే దాదాపు ఒకటే మాట వస్తుంది. గుంత తవ్వాలి, జీఐ పైపు దింపాలి, బొగ్గూ ఉప్పూ వేయాలి, ఎండాకాలం నాలుగు బిందెల నీళ్లు పోస్తుండాలి. ఇంటికైతే ఎంతో కొంత పనికొచ్చే సలహానే. ఆసుపత్రిలో డయాలసిస్ యంత్రం దిగినప్పుడు అదే సలహా కాస్త దర్జాగా తిరిగొస్తుంది: "ఈ మెషిన్‌కు సెపరేట్ ఎర్త్ పిట్ కొట్టించాం సార్, ఇంక ఢోకా లేదు."

ఢోకా అక్కడే మొదలవుతుంది.

భూమి కరెంటును మింగేస్తుందన్న అపోహ ఈ ధీమాకు మూలం. భూమి ఏదీ మింగదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బయల్దేరిన కరెంటు తిరిగి ఆ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కే చేరాలి. తీగ ఉంటే తీగలోంచి, లేకపోతే మట్టిలోంచి. ఈ జిల్లాలున్న పాలమూరు ప్రాంతంలో ఆ మట్టిదారి ఎలాంటిదో బోరు వేయించిన ప్రతి రైతుకూ తెలుసు: పైన కొన్ని అడుగుల ఎర్రచల్క, కింద గ్రానైటు. సరే, కష్టపడి గుంత నిరోధాన్ని 5 ఓమ్‌లకు దించారనే అనుకుందాం. యంత్రం లోపల ఫేజు తీగ ఊడి ఇనుప బాడీకి తగిలితే 230 వోల్టులకు పారేది మహా అయితే 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సి-రకం ఎంసీబీ ఠక్కున పడాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46కు అది గంటసేపైనా అలాగే నిలబడొచ్చు. అంతసేపూ యంత్రం ఒళ్లంతా కరెంటే.

ఆర్‌సీసీబీ ఉంది కదా అంటారు. ఉండాల్సిందే. 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పడితే అది సప్లై కోసేస్తుంది. తడిచేత్తో యంత్రాన్ని తాకిన నర్సును కాపాడేది అదే. మంచం మీదున్న రోగి లెక్క వేరు.

డయాలసిస్ అంటే కరెంటు నడవడానికి అనువైన దారిని రోగి రక్తం దాకా వేయడమే. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో 120 లీటర్ల ద్రవం యంత్రంలోంచి పోతుంది. ఆర్‌ఓ నీరు ఒంటరిగా ఉన్నప్పుడు కరెంటును పెద్దగా మోయదు. యాసిడ్, బైకార్బొనేట్ ద్రావణాలు కలిశాక దాని వాహకత సెంటీమీటరుకు సుమారు 14 మిల్లీ సీమెన్స్. కలగలుపు సరిగ్గా కుదిరిందో లేదో యంత్రం కనిపెట్టేది ఆ వాహకతను కొలిచే. ఇక ఆ ద్రవాన్ని వెచ్చబెట్టేందుకు లోపల ఓ హీటరు. ఏళ్లు గడిచి దాని ఇన్సులేషన్ నీరసిస్తే కరెంటు కారేది ద్రవంలోకే. ద్రవానికీ రక్తానికీ మధ్య డయలైజర్ పొర ఉందనుకుంటే, ఆ పొర పనే అయాన్లను దాటించడం. ద్రవంలో కరెంటు నడిచేదీ అయాన్ల మీదే. గొట్టాలన్నీ ప్లాస్టిక్కే కదా అనడం, కాలువ గట్టును చూసి లోపల నీళ్లు లేవనడం లాంటిది.

డయాలసిస్ సూదులు గుచ్చేందుకు చేతికి చేసే ఫిస్టులా ఇంకా సిద్ధం కాని రోగికి మెడ నరంలో క్యాథటర్ వేస్తారు. దాని కొస గుండె కుడి కర్ణిక దగ్గర, ఒక్కోసారి కర్ణికలోనే ఉంటుంది. చర్మం పెట్టే అడ్డు ఇక్కడ లేదు. గుండెతో నేరుగా సంబంధముండే సీఎఫ్ రకం పరికరాల నుంచి రోగికి చేరే లీకేజీకి ఐఈసీ 60601-1 ప్రమాణం గీసిన గీత మామూలుగా 10 మైక్రో ఆంపియర్లు, ఒక లోపం తలెత్తినప్పుడు 50. ఆర్‌సీసీబీ కళ్లు తెరిచే 30 మిల్లీ ఆంపియర్లు ఆ 10కి మూడు వేల రెట్లు!

ఇప్పుడు ఆ సెపరేట్ ఎర్త్ సంగతి. యంత్రం కొత్త గుంతకు, మోటారు మంచమూ మానిటరూ భవనం పాత ఎర్త్‌కు. రెండు గుంతల మధ్య వోల్టేజి తేడా సున్నా అవుతుందన్న హామీ ఏమీ లేదు. పక్కగదిలో ఏసీ లీకైనా అది మారిపోతుంది. శరీరం లోపలి నిరోధం 1,000 ఓమ్‌లనుకుంటే 10 మైక్రో ఆంపియర్లు పారడానికి 10 మిల్లీవోల్టులు చాలు. టార్చిలైటు సెల్లులో నూటయాభయ్యో వంతు. మిట్ట మడికీ పల్లపు మడికీ మధ్య గట్టు తెగితే ఏమవుతుందో గద్వాల నడిగడ్డ రైతుకు చెప్పక్కర్లేదు. ఇక్కడ తెగిన గట్టు రోగే. చేయాల్సింది మళ్లన్నీ ఒకే మట్టానికి తేవడం: యంత్రం, మంచం, మానిటరు, ఇనుప నీటి పైపులు అన్నింటినీ ఆకుపచ్చ-పసుపు తీగలతో ఒకే రాగి పట్టీకి కలపడం. గుంత తీయడం తప్పు కాదు, దాన్ని మిగతావాటితో కలపకుండా వదిలేయడం తప్పు. మన దేశ ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043 కూడా ఎర్త్‌లను కలపమనే అంటుంది. గుండెకు నేరుగా తగిలే పనులు జరిగే గదుల్లో ఆ కలుపు తీగల నిరోధం 0.2 ఓమ్ దాటకూడదని ఐఈసీ 60364-7-710 నియమం.

"ఇన్నేళ్లుగా నడుస్తోంది, ఎవరైనా చచ్చారా?" అన్నది చివరి అస్త్రం. దీనికి భయపెట్టే అంకెతో జవాబివ్వడం తేలిక, కానీ అది తప్పు. 1971లో అమెరికాలో వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నాడర్ అదే చేశాడు. ఆసుపత్రుల్లో ఏటా 1,200 మంది కరెంటు షాకుతో పోతున్నారని ఓ మహిళా పత్రికలో రాశాడు. ఆ అంకెకు ఆధారం ఎవరికీ దొరకలేదు. అయితే అంకె తేలిపోయినంత మాత్రాన ప్రమాదం తేలిపోదు. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అది ఎర్తింగ్ కథ కాదు. కానీ పొగ కనబడింది కాబట్టి విచారణ జరిగింది. గుండెకు నేరుగా తగిలే ఈ చిన్న షాకుకు, అంటే మైక్రోషాకుకు, పొగా లేదు, కాలిన మచ్చా లేదు. కిడ్నీ రోగి గుండె ఆగితే పొటాషియం పెరిగిందనో, గుండె ముందే బలహీనమనో అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. మిగతాసార్లు తేల్చేదెవరు?

పైగా లెక్కలు కట్టే తీరు ఒకటి ఉంది. జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో మొదలుపెట్టిన వైద్య పరికరాల నిర్వహణ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రి యంత్రాలు 95 శాతం సమయం పనిచేస్తూ ఉండాలి. మంచి లక్ష్యమే. కానీ ఎర్త్ తీగ తెగిన డయాలసిస్ యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, రిజిస్టరులో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని మూడో పిన్ను విరిచేస్తే ఇంకా బాగా నడుస్తుంది! వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇక సిరంజి పంపులు, వెంటిలేటర్లు, క్యాథటర్లు పెరిగేవే తప్ప తగ్గేవి కావు.

వాదన తేల్చుకోవడానికి యంత్రం వెనక్కి వెళ్లి చూస్తే చాలు. చాలా మోడళ్లకు అక్కడ ఈ కలుపు తీగ కోసమే ఒక చిన్న లోహపు మొన ఉంటుంది. దానికి తీగ ఉందా, ఉంటే రెండో కొస గోడలోని పట్టీకి చేరిందా, దారిలో ఎన్ని ఓమ్‌లు చూపిస్తోంది? ఈ కొలత కోసం ఏ రోగి డయాలసిస్సూ ఆపక్కర్లేదు. ఒక షిఫ్టు దిగి మరో షిఫ్టు ఎక్కేలోపు యంత్రం క్రిమిసంహారంలో ఉండే ఆ కాసేపట్లో, మీటరు పట్టుకున్న మనిషి ఒకరుంటే అయిపోతుంది.