ఘంటసాల గీత చావునకేనా?

మామిడి కాపు దినములలో నూజివీటి వీధులు తెల్లవారక మునుపే మేల్కొనును. రసాల బుట్టలు, లారీలు, బేరగాండ్ర కేకలు! ఆ సందడిలో ఘంటసాల కంఠమున భగవద్గీత వినవచ్చెనా, జనులు బేరమాపి “ఎవరు పోయిరి?” అని యడుగుదురు. ఏ శ్లోకమని యడుగువారు లేరు. ఒక్క నూజివీటనే కాదు, ఆంధ్రదేశమంతట వైకుంఠరథముతో గీతను ముడిపెట్టిన యీ వాడుక స్థిరపడినది. దీనిని గూర్చి నిర్మొగమాటముగ చెప్పదలచితిమి.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు మనకు పరాయివారు కారు. 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమున చౌటపల్లిలో జన్మించిరి. (2022లో నూజివీడు ఏలూరు జిల్లాలో చేరినది గాని, పాటకు పొలిమేరరాయి నెవ్వరు పాతగలరు?) తండ్రిగారు మృదంగము వాయించుచు తరంగములు పాడెడివారు. ఆయన బాల్యముననే తండ్రి గతించిరి. పిదప విజయనగరము చేరి, జోలె పట్టి మాధుకరముతో పొట్ట పోసికొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద సంగీత మభ్యసించిరి. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున దిగి అలీపురము చెరసాల చూచిరి. తిలక్ మహాశయుడు గీతారహస్యము వ్రాసినదియు మాండలే చెరలోనే గదా! చెర నెఱిగిన గొంతున పలికిన గీతను చావుమేళము చేసికొన్నవారము మనము.

చలనచిత్రములలో వారి ప్రతిష్ఠ వేరుగ చెప్పనక్కఱలేదు. 1951 నాటి పాతాళభైరవి, 1957 నాటి మాయాబజారు పాటలు నేటికిని వాడలేదు. కాని మా దృష్టిలో వారి ఘనకార్యము పద్యము. రంగస్థలముపై నటులు పద్యము చివర రాగమును సాగదీసి, వన్స్‌మోరు కేకలకు మురిసిపోవుచుండిరి. చప్పట్లు మిగిలెడివి, అర్థము మిగిలెడిది కాదు. ఘంటసాలగారు రాగమును పొదుపుగ వాడి, పదమును విఱిచి, భావమును ముందు నిలిపిరి. కరుణశ్రీ పుష్పవిలాపమును వారు పాడినపిదప, బడి మెట్టెక్కని రిక్షావాడును ఆ పద్యములు పాడుకొనెను. పండితసభలు పెక్కు చేయలేని పని యిది. “సినిమా పాటగాడు” అని పెదవి విఱుచు విద్వాంసులు దీనికేమి బదులు చెప్పుదురు?

ఆయన 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క యేండ్ల వయస్సున దివంగతులైరి. చరమదశలో తెలుగువారికిచ్చిన కానుక గీత. నూరు పైచిలుకు శ్లోకములు, వెంటనే తెలుగు తాత్పర్యము; సంస్కృతము రాని గృహిణికిని అర్థమగును. అది శవమునకు చెప్పిన మాటయా? విల్లు జారవిడిచి కూలబడిన బ్రదికియున్న మనుష్యుని లేపుటకు చెప్పిన మాట గదా!

దుఃఖితులకు గీత ఊఱట నిచ్చును, కాదనము. పుట్టినవానికి మరణము తప్పదను బోధయు నందున్నది. శవయాత్రలో వినిపింపవలదని మే మనుటలేదు. పెండ్లిండ్లు జరుగు వీధిలో పొరపాటున గీత మ్రోగినచో అపశకునమని పరుగెత్తి ఆపించుచున్నారే, అది మాకు సహింపరానిది.

నూజివీటి పఠనమందిరములవారిని మేము కోరునది చిన్నపని. వారమున కొకనాటి సాయంకాలము, కోతలు ముగించి కూలీలు ఇండ్లకు మరలు వేళ, తలుపులు తెఱచియుంచి మొదట పుష్పవిలాపమును, పిదప గీతలో అర్జునుడు గాండీవము విడుచు ఘట్టమును వినిపింపుడు. మొదటి వారము ఎవరు పోయిరని అడుగువారు వత్తురు. వారిని లోనికి పిలిచి కూర్చుండబెట్టుడు.