కారు కొనువాని మొదటి ప్రశ్న

మన ఊళ్ళలో ఎవరైనను చిన్న కారు కొని ఇంటి ముందు నిలిపినచో, చూడవచ్చిన ఇరుగుపొరుగువారు వేయు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంత ఇస్తుంది?" అడుగువారు తెలుగులో అడిగినను, ఉర్దూలో అడిగినను ప్రశ్న మాత్రము మారదు. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడచునో తెలిసిన పిమ్మటనే రంగును గురించియు, సీట్లను గురించియు మాటలు సాగును. "ఢీకొన్నచో లోపలివారిని ఎంతవరకు కాపాడును?" అని అడిగినవారిని నేను చాలకాలము వరకు చూడలేదు. నేనును అడిగి యుండలేదు. ఇకమీదట అదియే మన మొదటి ప్రశ్న కావలెనని మనవి చేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఈ సంగతి నా మనస్సున నాటుకొనుటకు కారణము మా మామూగారు. ఉద్యోగ విరమణానంతరము చేతికి వచ్చిన సొమ్ములో కొంత వెచ్చించి, కొంత అప్పు చేసి, ఆయన ఒక చిన్న కారు కొనదలచిరి. ఆయన లెక్కల మనిషి. నోటుపుస్తకములో నిలువు గీతలు గీసి, ధర, మైలేజీ, సర్వీసు ఖర్చు, తిరిగి అమ్మునప్పుడు వచ్చు సొమ్ము అను నాలుగు గడులు ఏర్పరచి, నాలుగు కార్ల పేర్లు వ్రాసికొనిరి. నన్ను వెంటబెట్టుకొని ఒక షోరూమునకు వెళ్ళిరి. అచటి యువకుడు పాటలు వినిపించు తెరను, మెరయు చక్రములను, వెనుకకు నడపునప్పుడు దారి చూపు కెమెరాను ఎంతో ఉత్సాహముతో చూపెను. "ఢీకొట్టు పరీక్షలో ఈ కారుకు ఎన్ని నక్షత్రములు వచ్చినవి?" అని నేనడుగగా, "ఆ మాట ఇక్కడ ఎవరూ అడగరు సార్" అని నవ్వెను. మామూ నా భుజముపై చేయి వేసి ఇట్లనిరి:

"బేటా, అవన్నీ పెద్ద కార్లవాళ్ళ ముచ్చట్లు. మనకు మైలేజీ వస్తే చాలు. పైవాడు చల్లగా చూస్తే ప్రమాదం ఎందుకు జరుగుతుంది?"

ఈ మూడు మాటలలో మన మధ్యతరగతివారి కారు శాస్త్రమంతయు ఇమిడియున్నది. అది వారి దోషము కాదు. దాని వెనుక ఒక చరిత్ర కలదు.

ఒకప్పుడు మన దేశములో కారు కొనుట యనగా అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని వంటి రెండు మూడు బండ్లలో ఒక దానికి సొమ్ము కట్టి, ఏండ్ల తరబడి ఎదురు చూచుట. అట్టి రోజులలో 1981లో మారుతీ ఉద్యోగ్ సంస్థ ఏర్పడినది. 1982లో జపాను దేశపు సుజుకీ సంస్థతో ఒప్పందము కుదిరినది. 1983 డిసెంబరు 14న, సుమారు 50,000 రూపాయల ధరకు, 796 సి.సి. ఇంజను గల మారుతీ 800 రోడ్డెక్కినది. వేరుగా డిక్కీ లేక, వెనుక తలుపు పైకి తెరచుకొను ఇట్టి బండినే హాచ్‌బ్యాక్ అందురు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న వర్తకుడు తమకును కారు దక్కునని నమ్మినది ఆ బండి వలననే. దొరకుటయే భాగ్యమైన కాలములో కొనువాడు ప్రశ్నలు వేయడు. ధర అందినదా, పెట్రోలు తక్కువ త్రాగునా అను రెండు ప్రశ్నలే ఆనాటి కుటుంబమునకు చాలినవి.

తరువాత కాలము మారినది. 1998లో హ్యుండయ్ శాంట్రో, టాటా ఇండికా వచ్చి ఎన్నుకొను అవకాశము పెరిగినది. పొగను గురించిన నియమములు కఠినమైనవి. 2010 ఏప్రిల్ నుండి హైదరాబాదుతో సహా 13 నగరములలో మారుతీ 800 అమ్మకము నిలిచిపోయినది. 2014 జనవరిలో దాని తయారీయే ఆగినది. బండ్లు మారినవి గాని, మన ప్రశ్నలు మాత్రము 1983లోని ప్రశ్నలుగానే మిగిలినవి.

ఇక మామూగారి మొదటి మాట. రక్షణ పెద్ద కార్లవారి ముచ్చటయా?

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశములో అమ్ముడగు ఐదు చిన్న కార్లను, ఎయిర్‌బ్యాగులు లేని రకములను, గంటకు 64 కిలోమీటర్ల వేగముతో ఢీకొట్టించి పరీక్షించినది. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో అను ఆ ఐదింటికిని పెద్దల రక్షణ విషయమున వచ్చిన నక్షత్రములు సున్న. అయితే ఐదు సున్నలును ఒకటి కావు. మొదటి మూడింటిలో మనుష్యులు కూర్చొను భాగమే నిలువలేకపోయినది. మిగిలిన రెండింటి చట్రము నిలిచినది. రెండు ఎయిర్‌బ్యాగులతో మరల పరీక్షింపగా పోలోకు నాలుగు నక్షత్రములు వచ్చినవి. అనగా చిన్న కారు బలహీనముగా ఉండితీరవలెనను నియమమేదియు లేదు. అదే పరిమాణములో గట్టి కారును చేయవచ్చును. చేయమని అడుగువారే లేకపోయిరి.

అడిగినప్పుడు ఏమి జరిగినదో చూడుడు. ఈ పరీక్షల ఫలితములు పత్రికలలోను, ఇండ్లలోను చర్చకు వచ్చిన పిమ్మట చట్టములు మారినవి. 2019 ఏప్రిల్ నుండి కొత్త కార్లన్నింటికి ఎ.బి.ఎస్. బ్రేకులు, అదే సంవత్సరము జూలై నుండి డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు, 2021 డిసెంబరు 31 నుండి ముందు కూర్చున్న రెండవ వారికిని ఎయిర్‌బ్యాగు తప్పనిసరి యైనవి. 2020లో టాటా టియాగో అను చిన్న కారుకు నాలుగు నక్షత్రములు లభించినవి. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ పేర మన దేశమే తన పరీక్షను ఏర్పరచుకొన్నది. 2025లో ఆల్టో కె10 వంటి చవుక కారులోను ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని రకములకును అమర్చబడినవి. మైలేజీ అడిగినంతకాలము మైలేజీ ఇచ్చిరి. రక్షణ అడిగిన పిమ్మట రక్షణ ఇచ్చుచున్నారు. వర్తకుడు కొనువాని నోటినుండి వచ్చిన ప్రశ్నకే సమాధానము తయారు చేయును.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ అవసరము. ఎయిర్‌బ్యాగుల సంఖ్య వేరు, చట్రపు దార్ఢ్యము వేరు. రెండు ఎయిర్‌బ్యాగులున్న ఆల్టో కె10కు 2023లో వెలువడిన ఫలితములలో రెండు నక్షత్రములే వచ్చినవి. మనవారు తలుపుపై వ్రేళ్ళతో కొట్టి, మ్రోతను బట్టి "ఇది రేకు డబ్బా", "ఇది గట్టి బండి" అని తీర్పు చెప్పుదురు. అది పరీక్ష కాదు. మంచి కారులో ముందుభాగము నలిగి దెబ్బను తాను మ్రింగవలెను. మనుష్యులు కూర్చొను గది మాత్రము నలుగరాదు. ఈ గుణము మ్రోతకు తెలియదు, పరీక్షకే తెలియును.

రెండవ మాట: మైలేజీ వస్తే చాలునా? లెక్కల మనిషికి లెక్కతోనే బదులు చెప్పవలెను. ఒక కారు లీటరుకు 20 కిలోమీటర్లు, మరియొకటి 24 కిలోమీటర్లు నడచునని అనుకొందము. నెలకు 500 కిలోమీటర్లు తిరుగు కుటుంబమునకు మొదటి దానికి 25 లీటర్లు, రెండవ దానికి 21 లీటర్లకు కొంచెము తక్కువ కావలెను. లీటరు 100 రూపాయల చొప్పున చూచినను తేడా నెలకు సుమారు 420 రూపాయలు. ఇది చిన్న మొత్తమని నేననను. కాని ఇంతకంటె పెద్ద మొత్తమును మనము గమనింపకయే పోగొట్టుకొనుచున్నాము. 5 లక్షల అప్పును 9 శాతము వడ్డీకి ఐదేండ్లలో తీర్చినచో నెలసరి వాయిదా సుమారు 10,380 రూపాయలు. ఏడేండ్లకు పెంచినచో వాయిదా సుమారు 8,045కు తగ్గును, తగ్గినదని సంతోషింతుము. కాని మొత్తముమీద అదనముగా కట్టునది దాదాపు 53,000 రూపాయలు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల కొరకు వాదులాడువారు ఈ 53,000ను మారుమాట లేక కట్టుచున్నారు.

"మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్" అని ఉర్దూలో ఒక సామెత కలదు. ఖరీదైనది కొన్నవాడు ఒకసారి ఏడ్చును, చవుకది కొన్నవాడు మాటిమాటికి ఏడ్చునని దాని భావము. వస్తువుల విషయములో అది వినోదపు మాట. కారు విషయములో మాత్రము ఒకసారి ఏడ్చిన ఏడ్పే జీవితాంతము తీరనిది కావచ్చును.

మూడవ మాట, దైవముపై భారము. మన ఇంటికి దొంగ రాడని నమ్మువాడును రాత్రి తలుపు గడియ వేసియే పండుకొనును. ఆ గడియ నమ్మకమునకు విరుద్ధము కాదు. 2022వ సంవత్సరములో మన దేశపు రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో ఎందరు తమకు ప్రమాదము జరుగునని తలచి ఇల్లు వెడలిరి?

ఇచట కొందరు మిత్రులు న్యాయమైన ఆక్షేపణ చేయుదురు. ఆ మృతులలో సుమారు 44 శాతము ద్విచక్ర వాహనములపై పోవుచున్నవారే. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఒకే స్కూటరుపై పోవుటకంటె ఏ చిన్న కారైనను మేలు కాదా? నక్షత్రములని పట్టుబట్టి ధర పెంచినచో పేదవాడు స్కూటరుపైననే మిగిలిపోడా? ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. వానలో స్కూటరుపై పోవు ఇట్టి కుటుంబమును చూచియే రతన్ టాటా లక్ష రూపాయల కారును సంకల్పించిరి. 2008లో ప్రదర్శింపబడి, 2009లో అమ్మకమునకు వచ్చిన నానో ఆ సంకల్పపు ఫలము. ఉద్దేశము గొప్పది. కాని "అన్నింటికంటె చవుక" అను పేరే దానికి శాపమైనది. పదేండ్లు నిండుచుండగనే దాని తయారీ ఆగిపోయినది. పేదవానికి కారు కావలెను. పేదవాని కారని ముద్ర వేసినది మాత్రము వానికి వలదు. తక్కువ ధరకు తక్కువ రక్షణ చాలునను వాదమును అతడు ఏల అంగీకరింపవలెను? 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. మిగిలిన ఆ సొమ్ములో కొంత మెరయు చక్రములకు గాక గట్టి చట్రమునకు పోయినచో, స్కూటరు కుటుంబమునకు నిజమైన మేలు కలుగును.

కావున కొనదలచినవారికి నా సూచన ఇది. నాలుగు గడుల కాగితముపై ఐదవ గడి గీయుడు. దానిని చివర గాక మొదట పెట్టుడు. ఆ మోడలునకు పరీక్ష జరిగినదా, ఏ సంవత్సరములో జరిగినది, పెద్దలకెన్ని నక్షత్రములు, పిల్లలకెన్ని నక్షత్రములు అని వ్రాసికొనుడు. పరీక్ష జరుగనిచో ఆ గడిని ఖాళీగా నుంచుడు. ఖాళీ గడియు ఒక సమాధానమే. ఆ తరువాతనే భీమా, లైఫ్ ట్యాక్స్ కలిపిన పూర్తి ధరను, మైలేజీని, సర్వీసును పోల్చుడు. నడిపి చూచునప్పుడు ఇంటిలోని పెద్దవారిని వెనుక సీటులో కూర్చుండబెట్టుడు. పాత కారు కొనువారు తయారైన సంవత్సరమును చూడవలెను. పైన చెప్పిన 2019, 2021 తేదీలకు ముందటి బండిలో ఆయా ఏర్పాట్లు ఉండకపోవచ్చును. ఇక సీటు బెల్టుకు అదనముగా ఒక్క పైసాయు ఖర్చు లేదు. వెనుక కూర్చున్నవారును దానిని ధరింపవలెనని చట్టము చెప్పుచున్నది. బెల్టు లేనివానికి ఎయిర్‌బ్యాగే గాయము చేయవచ్చును.

మామూగారు చివరకు ఏమి చేసిరని పాఠకులు అడుగవచ్చును. ఆ రాత్రి నోటుపుస్తకము ముందు పెట్టుకొని చాలసేపు కూర్చుండిరి. తెర, మెరయు చక్రములు గల పై రకమును విడిచి, అదే సొమ్ములో గట్టిదని పరీక్షలో తేలిన మరియొక కారు యొక్క క్రింది రకమును ఎన్నుకొనిరి. అప్పును ఐదేండ్లకే పరిమితము చేసిరి. మైలేజీ రెండు కిలోమీటర్లు తక్కువ. పెండ్లిండ్లలో ఎవరైనను "ఎంత ఇస్తుంది?" అని అడిగినచో ఉన్నమాట చెప్పి, "ఇంకొకటి కూడా అడగండి" అనుచున్నారు. అడిగినవారికి ఐదవ గడి సంగతి ఓపికగా వివరించుచున్నారు.

విద్యార్థి మిత్రులారా, ఇంటిలో కారు కొనునప్పుడు ఇప్పుడు మీ మాటయు చెల్లుచున్నది. రంగు విషయములో చెల్లించుకొను ఆ మాటను ఈ విషయములో చెల్లించుకొనుడు. కళాశాల పాలకవర్గమువారికిని ఒక విన్నపము: విహారయాత్రలకు బండ్లు కుదుర్చుకొనునప్పుడు బాడుగతో పాటు ప్రతి సీటుకు బెల్టు కలదా యని అడుగుడు. పెద్దలు అడిగిన ప్రశ్ననే పిల్లలు నేర్చుకొందురు.