సంఘంలో బస్తా ఉంటేనే షాపు దారికొస్తుంది

తెలంగాణ వ్యవసాయ, సహకార శాఖల మంత్రి గారికి,

45 కిలోల యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. సహకార సంఘంలోనైనా, ప్రైవేటు షాపులోనైనా అంతే ఉండాలి. మరి సంఘం వల్ల రైతుకు ఒరిగేదేమిటని అడిగేవాళ్లున్నారు. అసలు భారం బస్తాకు తగిలించే సరుకుతో పడుతుంది. యూరియా కావాలంటే జింకు ప్యాకెట్టో, గుళికలో కొనాల్సిందేనంటాడు డీలరు. పక్కనే సంఘం గోదాములో నిల్వ ఉంటే ఆ మాట అనడానికి వెనకాడతాడు. సభ్యత్వం లేని రైతుకూ ఆ మేలు అందుతుంది. నిల్వ లేకపోతే? 2025 వానాకాలంలో సంఘాల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టిన రైతులను అడగండి.

షాపువాడు అరువిస్తాడు, సంఘం రొక్కం అడుగుతుంది. ఇది కొట్టిపారేయలేని అభ్యంతరమే. కానీ చాలాచోట్ల ఆ అరువుకు వడ్డీతోపాటు పంటా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే పోతుంది. సంఘాలే నానో యూరియా సీసాలు అంటగడుతున్నాయన్న ఫిర్యాదులూ వచ్చాయి. అలాంటి సంఘం ఇంకో షాపే తప్ప సంఘం కాదు. అందుకే సీజనుకు ముందే సంఘాలకు సరుకు చేర్చండి, రోజువారీ నిల్వను బోర్డు మీద రాయించండి. పాసుపుస్తకం లేని కౌలురైతుకూ అక్కడ అప్పుమీద ఎరువు దొరికేలా చూడండి.